ఆకాశంలో వియ్యాలు... అభ్యంతరం అడిగేదెవరు?

పెళ్ళి సంబంధం ఖాయం చేసుకునేటప్పుడు రెండువైపుల పెద్దలూ కూర్చుంటారు. ఇచ్చిపుచ్చుకోవడాలు మాట్లాడుకుంటారు. ఎవరి మర్యాద వాళ్ళు కాపాడుకుంటారు. రెండు పెద్ద కంపెనీలు కలిసిపోయేటప్పుడూ అంతే. ఎవరి వాటా ఎంత, కొత్త కంపెనీకి పేరేమిటి, పెద్ద కుర్చీలో కూర్చునేది ఎవరు... అన్నీ తేల్చుకుంటారు. ఆ గదిలో చోటు లేనిది ఒక్కరికే. రేపు ఆ పెళ్ళి ఖర్చు భరించబోయే మనకి!

మన తరఫున అక్కడికి వెళ్ళి, "ఆగండి, ఈ వియ్యం వల్ల జనానికి నష్టం లేదని ముందు తేల్చండి" అని అడగవలసింది ప్రభుత్వం. కొన్ని దేశాల్లో అడుగుతోంది. అవసరమైతే కోర్టుకు కూడా ఎక్కుతోంది. మన దేశంలో ఆ అడిగే అధికారం చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించామో విమాన కంపెనీల కథ చూస్తే తెలుస్తుంది.

"విమానాల ముచ్చట మనకేంటికి లేక్కా! ముందు ఉల్లిగడ్డల ధర సంగతి చూడమను" అంది మా పక్కింటావిడ. ఆ మాట అన్న ఆవిడే, పండక్కి పుణె నుంచి కూతురూ అల్లుడూ వచ్చిపోయే టికెట్ల ధర విని గుండె మీద చెయ్యి వేసుకుంది!

ఒకప్పుడు విమానం గొప్పింటి వ్యవహారం. ఇప్పుడు మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు ఎక్కుతూనే ఉన్నారు. కూతురి పురిటికి అమెరికా వెళ్ళే తల్లులున్నారు. గల్ఫ్‌లో పనిచేసి రెండేళ్లకోసారి వచ్చే వాళ్ళున్నారు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా వాళ్ళ రాకపోకలూ చూస్తున్నాం. పుట్టపర్తిలో 1990 నుంచీ విమానాశ్రయం ఉన్నా, మామూలు ప్రయాణానికి మనకు దిక్కు బెంగళూరే. 2008లో దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం తెరిచాక అది మనకి ఇంకా దగ్గరైంది. అక్కడి దాకా చేరడం మన చేతుల్లో పని. ఆ తర్వాత ఎంత కట్టాలన్నది మాత్రం, మనం వెళ్ళే ఊరికి ఎన్ని కంపెనీలు విమానాలు నడుపుతున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది.

పట్టుగూళ్ల మార్కెట్లో పాఠం

ఇది అర్థం కావడానికి ఎకనామిక్స్ పుస్తకాలు తిరగేయక్కర్లేదు. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టు చాలు.

రైతు గూళ్ళు తెచ్చి పోస్తాడు. రీలర్లు పాట పాడతారు. ఒకాయన ఒక రేటు అంటే పక్కాయన నాలుగు రూపాయలు పైకి పాడతాడు. ఎందుకు? సరుకు చెయ్యి జారిపోతుందన్న భయం. రేటు నచ్చకపోతే రైతు మూట కట్టుకుని శిడ్లఘట్టకో, రామనగరానికో పోతాడు. ఆ సంగతి రీలర్లకూ తెలుసు. రైతుకి కాస్త మంచి రేటు తెచ్చిపెట్టేది ఆ భయమే. ఎవరి దయా కాదు.

ఇప్పుడు ఆ రీలర్లంతా కలిసిపోయి ఒకే కంపెనీ అయ్యారనుకోండి. శిడ్లఘట్టలో కొనేదీ ఆ కంపెనీయే అనుకోండి. మార్కెట్టు గేటు తెరుచుకుంటుంది. తూకం వేస్తారు. వేలం కూడా జరుగుతుంది. పాడేవాడు మాత్రం ఒక్కడే! ఆ ఒక్కడూ దుర్మార్గుడు కానక్కర్లేదు. మంచివాడే అయినా పై రేటు పాడవలసిన అవసరం అతనికి లేదు. అంతే!

అమ్మేవాళ్ళ వైపు కూడా ఇదే లెక్క. ధర్మవరంలో చీర కొనడానికి వెళితే మనం నాలుగు షాపులు తిరుగుతాం. మూడో షాపులో గుమ్మం దిగబోతుంటే "రండమ్మా, ఇంకో మాట చెప్తా" అని వెనక్కి పిలుస్తారు. పక్క షాపు కూడా వాళ్ళదే అయితే ఆ పిలుపు ఉండదు.

విమానాల్లో ఇంకో మెలిక కూడా ఉంది. దేశం మొత్తం మీద ఎన్ని కంపెనీలున్నాయన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. బెంగళూరు నుంచి పుణెకు ఎన్ని, బెంగళూరు నుంచి కువైట్‌కు ఎన్ని అని దారివారీగా చూడాలి. పది కంపెనీలున్న దేశంలో కూడా ఒక దారిలో ఒక్కటే ఉండొచ్చు. పైగా కొత్త కంపెనీ రావాలంటే విమానం కొంటే చాలదు. రద్దీ విమానాశ్రయాల్లో విమానం దిగడానికి, ఎగరడానికి కేటాయించే సమయాలుంటాయి. వాటిని స్లాట్లంటారు. బస్టాండులో ప్లాట్‌ఫారం దొరకని బస్సు ఎంత కొత్తదైతేనేం, జనాన్ని ఎక్కించుకోలేదు కదా! అందుకే రెండు కంపెనీలు కలిసేటప్పుడు చేతికొచ్చే స్లాట్లు ఎన్నని కూడా లెక్క చూస్తారు.

తొమ్మిదో తలుపు

పోటీ అంటే టికెట్ ధర ఒక్కటే అనుకుంటాం. ఆడవాళ్ళకు ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో హైదరాబాదు బేగంపేటలో డెక్కన్ ఎయిర్‌వేస్ అని ఒక విమాన సంస్థ ఉండేది. 1945లో పెట్టారు. నిజాం ప్రభుత్వం అందులో ప్రధాన వాటాదారు. 1947లో పైలట్ లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ ఉద్యోగం కోసం ఎనిమిది కంపెనీల గుమ్మాలెక్కిందట. ఆడపైలటా అని ఎనిమిదీ కాదన్నాయట. చివరికి ఉద్యోగం ఇచ్చింది మన డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో ప్రయాణికుల విమానం నడిపిన తొలి మహిళా పైలట్‌గా ఆవిడ చరిత్రలో నిలిచిపోయింది. అక్కడ కెప్టెన్ సీటు ఇవ్వకపోతే ఉద్యోగం మాని వేరే చోటికి వెళ్ళిందని కూడా చెబుతారు. తట్టడానికి తొమ్మిదో తలుపంటూ ఉంది కాబట్టి దొరికిన ఉద్యోగం అది. వెళ్ళడానికి పదో తలుపు ఉంది కాబట్టి నిలిచిన ఆత్మగౌరవం అది.

1953లో కేంద్రం డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది దేశీయ సంస్థలను జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపేసింది. విదేశాలకు ఎయిరిండియా, దేశంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్. చట్టప్రకారం ఇంకొకరు రావడానికి వీల్లేదు. నష్టాల్లో కొట్టుకుంటున్న చిన్న కంపెనీలను నిలబెట్టడానికి అప్పట్లో ఆ కారణాలు ఆ ప్రభుత్వానికి ఉన్నాయి. అయితే ఒకే యజమాని మిగిలితే ఉద్యోగికి ఏమవుతుందో ఎయిరిండియాలో ఎయిర్‌హోస్టెస్‌లను అడగాలి. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలోపు పెళ్ళి చేసుకుంటే ఉద్యోగం పోతుంది. మొదటిసారి గర్భం దాల్చినా పోతుంది. ఇదీ అప్పటి రూలు! నచ్చకపోతే పోయి చేరడానికి దూరదేశాలకు విమానాలు నడిపే మన కంపెనీ ఇంకొకటి లేదు. నర్గేష్ మీర్జా అనే ఎయిర్‌హోస్టెస్, ఆమె తోటివాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళితే, 1981లో గర్భం మీద పెట్టిన ఆ షరతును కోర్టు కొట్టేసింది. నాలుగేళ్ల పెళ్ళి షరతు మాత్రం అప్పటికి అలాగే మిగిలింది.

2007: మూడు వియ్యాలు, అడిగే దిక్కు లేదు

1990లలో తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. జెట్ ఎయిర్‌వేస్, సహారా లాంటి ప్రైవేటు కంపెనీలొచ్చాయి. 2003లో కెప్టెన్ గోపీనాథ్ బెంగళూరు నుంచి ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టాడు. మామూలు జనం విమానం ఎక్కాలన్నది ఆయన పట్టుదల. కొన్ని సీట్లు ఒక్క రూపాయికే అమ్మిన రోజులున్నాయి. అప్పటిదాకా విమానాన్ని ఆకాశంలో చూడటమే తప్ప లోపల కాలు పెట్టని వాళ్ళు ఎంతోమంది ఆ డెక్కన్‌లోనే మొదటిసారి ఎక్కారు.

ఆ తర్వాత నాలుగేళ్లకే 2007 వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలో మూడు వియ్యాలు. సహారాను జెట్ 1,450 కోట్ల రూపాయలకు కొనేసింది. ఎయిరిండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ప్రభుత్వమే కలిపేసింది. కింగ్‌ఫిషర్ ఎయిర్ డెక్కన్‌లో 26 శాతం వాటా కొని, మరుసటి ఏడాదికల్లా మొత్తం కలిపేసుకుంది. మన పక్కనే పుట్టిన డెక్కన్ పేరు కూడా మిగల్లేదు. 'కింగ్‌ఫిషర్ రెడ్' అయింది.

మరి ప్రభుత్వం ఏం చేస్తోంది? ఏమీ చేసే అధికారం దానికి లేదు! గుత్తాధిపత్యాన్ని అడ్డుకోవడానికి 1969లో తెచ్చిన ఎం.ఆర్.టి.పి. చట్టంలో, విలీనాలకు ముందుగా అనుమతి తీసుకోవాలన్న నిబంధనలుండేవి. 1991 సంస్కరణల్లో వాటిని తీసేశారు. వాటి స్థానంలో 2002 కాంపిటీషన్ చట్టం చేశారు గానీ, అందులో విలీనాల భాగం అమల్లోకి వచ్చింది 2011 జూన్ 1న. అంటే పాత కాపలాదారుణ్ణి పంపించేసి, కొత్తవాణ్ణి పెట్టడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో ఇల్లు తాళం లేకుండా ఉంది. మూడు వియ్యాలూ ఆ సందులోనే అయిపోయాయి.

ఫలితం ఏమైంది? 2011లో కింగ్‌ఫిషర్ తక్కువ ధర విమానాలను మానేస్తున్నట్టు చెప్పింది. 2012 అక్టోబరులో మొత్తంగా ఆగిపోయింది. జెట్ 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది. నష్టాల్లో కూరుకుపోయిన ఎయిరిండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్ళింది. ఈ కంపెనీలు మునగడానికి అప్పులు, ఇంధనం ధర, యాజమాన్యం తీరు... ఎన్నో కారణాలున్నాయి. విలీనమే ముంచిందని ఒక్క ముక్కలో చెప్పలేం. "కలిస్తే బలపడతాం" అన్న మాట మాత్రం మూడింట్లో ఒక్కదానిలోనూ నిజం కాలేదు. ఆ మాటను ముందుగా పరీక్షించి చూసే వాళ్ళే అప్పుడు లేరు.

నోటీసు బోర్డు

రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకునే వాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ముప్ఫై రోజుల ముందు నోటీసు అంటిస్తారు. చట్టప్రకారం అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చు. 2011 తర్వాత పెద్ద కంపెనీల విలీనాలకూ దాదాపు అలాంటి పద్ధతి వచ్చింది. ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ముందుగా తెలియజేయాలి. కమిషన్ సరేననే దాకా కలవకూడదు. అనుమానం వస్తే కమిషన్ లోతుగా విచారణ చేస్తుంది. ఆ దశలో విలీనం వివరాలను జనానికి తెలిసేలా ప్రకటించమని కంపెనీలను ఆదేశించవచ్చు. నష్టపోతామనుకునే వాళ్ళెవరైనా గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

విమానాల విషయంలో మొదటి పెద్ద పరీక్ష 2013లో వచ్చింది. అబుదాబికి చెందిన ఎతిహాద్, జెట్‌లో 24 శాతం వాటా కొంటానంది. గల్ఫ్‌కు వెళ్ళే మనవాళ్ళందరికీ సంబంధించిన విషయం ఇది. కమిషన్ సభ్యుల్లో ఎక్కువమంది సరేనన్నారు. ఒక సభ్యుడు మాత్రం ఒప్పుకోకుండా విడిగా తన అభిప్రాయం రాశారు. ఎయిరిండియా మాజీ అధికారి ఒకరు అప్పీలుకు వెళితే 2014లో ట్రిబ్యునల్ కొట్టేసింది.

తర్వాత టాటాల వంతు. ఎయిరిండియాలో విస్తారాను కలపడానికి 2023 సెప్టెంబరులో కమిషన్ అనుమతి ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. ముందు నోటీసు ఇచ్చి ప్రశ్నించింది. కంపెనీలు కొన్ని హామీలు రాసిచ్చాకే ఒప్పుకుంది. ఈ వియ్యంలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా ఉంది కాబట్టి సింగపూర్ ప్రభుత్వ కమిషన్ కూడా తన లెక్క తాను చూసుకుంది. ఢిల్లీ, ముంబయి, చెన్నై, తిరుచిరాపల్లి నుంచి సింగపూర్‌కు వెళ్ళే దారుల్లో సీట్లు కరోనాకు ముందున్న స్థాయికి తగ్గకూడదని 2024 మార్చిలో షరతు పెట్టింది. ఆ లెక్కను స్వతంత్ర ఆడిటర్ తనిఖీ చేయాలంది. ఆ నవంబరు 12న విస్తారా పేరు చరిత్రలో కలిసింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఎక్కడా ధర ఇంతే ఉండాలని షరతు పెట్టలేదు. సీట్లు తగ్గించొద్దన్నారు. సీట్లు తగ్గితే ధర దానంతటదే పెరుగుతుందని వాళ్ళకు తెలుసు. సంతలో టమోటా బుట్టలు తగ్గిన రోజు మనకీ తెలుస్తుంది!

కలవకుండానే కలిసిపోతే?

పెనుకొండ నుంచి ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడుకోవాలి. స్టాండులో పది కార్లున్నాయనుకోండి. పది మంది యజమానులు. ఎవరి కారు వాళ్ళదే. కానీ పొద్దున్నే టీ కొట్టు దగ్గర కలుసుకుని "ఇంతకు తక్కువైతే ఎవరూ కదలొద్దు" అనుకున్నారనుకోండి. పేరుకు పది కార్లు, మనకి మాత్రం ఒక్క కారే!

దీన్ని కార్టెల్ అంటారు. విమానంలో వెళ్ళే సరుకుల మీద వేసే ఇంధన సర్‌ఛార్జీ విషయంలో ఇలాగే జరిగిందని 2015 నవంబరులో కమిషన్ తేల్చింది. జెట్, ఇండిగో, స్పైస్‌జెట్‌లకు కలిపి దాదాపు 258 కోట్ల జరిమానా వేసింది. 2016లో ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టేసి మళ్ళీ విచారించమంది. 2018 మార్చిలో కమిషన్ మళ్ళీ జరిమానా వేసింది. ఈసారి దాదాపు 54 కోట్లు. ఇంత తిరుగుడు ఉంటుంది కాబట్టే, తప్పు జరిగాక పట్టుకోవడం కన్నా విలీనానికి ముందే ప్రశ్నించడం మేలంటారు. పది కార్లు మూడయ్యాక టీ కొట్టు దగ్గర మాట కలవడం ఇంకా సులువు మరి!

అమెరికాలో కోర్టుకెక్కిన ప్రభుత్వం

మన పిల్లలు ఎక్కువగా ఉంటున్న అమెరికాలో పద్ధతి వేరు. అక్కడి న్యాయశాఖకు విలీనం నచ్చకపోతే కోర్టుకెళ్ళి దావా వేస్తుంది. ఒకపక్క ప్రభుత్వం, మరోపక్క కంపెనీలు. తీర్పు జడ్జిది.

2013 ఆగస్టులో అమెరికన్ ఎయిర్‌లైన్స్, యు.ఎస్. ఎయిర్‌వేస్ కలవకూడదని ప్రభుత్వం దావా వేసింది. కొన్ని రాష్ట్రాలు కూడా చేయి కలిపాయి. ఈ పెళ్ళి జరిగితే దేశంలోని విమాన ప్రయాణాల్లో 80 శాతానికి పైగా నాలుగే కంపెనీల చేతిలోకి పోతుందన్నది వాదన. చివరికి విచారణ దాకా రాకుండానే నవంబరులో రాజీ కుదిరింది. వాషింగ్టన్ రీగన్ విమానాశ్రయంలో 104 స్లాట్లు, న్యూయార్క్ లాగార్డియాలో 34 స్లాట్లు వదులుకోవాలి. తక్కువ ధర కంపెనీలకు అవి దక్కాలి. ఆ షరతు మీద డిసెంబరులో పెళ్ళి జరిగింది. వదులుకున్నది కాస్తే, కలిసొచ్చింది చాలా ఎక్కువని విమర్శించిన వాళ్ళున్నారు.

పదేళ్ల తర్వాత ప్రభుత్వం రాజీ పడలేదు. జెట్‌బ్లూ అనే కంపెనీ 380 కోట్ల డాలర్లు పోసి స్పిరిట్ అనే కంపెనీని కొంటానంది. స్పిరిట్ అంటే అక్కడి ఎయిర్ డెక్కన్ అనుకోండి. పసుపు రంగు విమానాలు, ఇరుకు సీట్లు, బ్యాగుకు వేరే డబ్బులు, నీళ్ల సీసాకు వేరే డబ్బులు. ఎగతాళి చేసేవాళ్ళు ఎగతాళి చేస్తారు. కానీ ధర చవక. 2023 మార్చిలో ప్రభుత్వం వేసిన దావాలో ఆ కంపెనీల సొంత లెక్కలనే చూపించింది. స్పిరిట్ ఒక దారిలో అడుగుపెడితే సగటు ఛార్జీలు 17 శాతం తగ్గుతాయట. అది వెళ్ళిపోతే 30 శాతం పెరుగుతాయట! అంటే స్పిరిట్ ఎక్కని వాళ్ళకు కూడా స్పిరిట్ వల్ల లాభమే. పైగా జెట్‌బ్లూ ఆ విమానాల్లో కొన్ని సీట్లు పీకేసి, వసతి పెంచుతానంది. వసతి కావాల్సిన వాళ్ళకు అది మంచిదే. చవగ్గా వెళ్ళక తప్పని వాళ్ళ మాటేమిటి?

2024 జనవరి 16న బోస్టన్‌లో జడ్జి విలియం యంగ్ ఆ విలీనాన్ని ఆపేశారు. ఈ తీర్పు స్పిరిట్‌నే నమ్ముకున్న ప్రయాణికుల కోసం అన్న అర్థం వచ్చేలా చివర్లో ఒక మాట కూడా రాశారు. బోర్డు గదిలో చోటు లేని వాళ్ళ పేరు కోర్టు తీర్పులోకి ఎక్కింది! మార్చిలో రెండు కంపెనీలూ ఒప్పందం రద్దు చేసుకున్నాయి.

ఆపితే సరిపోతుందా?

ఇక్కడితో కథ సుఖాంతం అంటే నేను అబద్ధం చెప్పినట్టే. అదే ఏడాది నవంబరులో స్పిరిట్ దివాలా పిటిషన్ వేసింది. 2025 ఆగస్టులో రెండోసారి వేసింది. "మేం చెప్పలేదా? కలవనిచ్చి ఉంటే బతికేది" అన్నారు విలీనాన్ని సమర్థించిన వాళ్ళు. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. పెళ్ళి ఆపినంత మాత్రాన అమ్మాయికి అన్నం పెట్టినట్టు కాదు కదా!

కానీ కలిసిన కింగ్‌ఫిషర్–డెక్కన్ కూడా బతకలేదన్నది మన అనుభవం. కాబట్టి అసలు ప్రశ్న "కలవనివ్వాలా, వద్దా" దగ్గర ఆగకూడదు. ఒక కంపెనీ పోతే ఇంకొకటి రావడానికి దారి తెరిచి ఉందా అని కూడా అడగాలి. స్లాట్లు, విమానాలు నిలిపే చోటు, ఇంధనం మీద పన్ను... ఇవన్నీ ప్రభుత్వాల చేతిలోనివే. మన దేశంలో 2022లో ఆకాశ ఎయిర్ మొదలైతే, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది. ఒకరు గుమ్మం ఎక్కుతుంటే ఒకరు దిగిపోతున్నారు.

అలా దిగిపోతూ దిగిపోతూ 2025 నాటికి మన దేశంలో విమానం ఎక్కే ప్రతి వంద మందిలో అరవై మందికి పైగా ఇండిగోలోనే ఎక్కుతున్నారు. ఇది వియ్యాలతో వచ్చిన పెద్దరికం కాదు. తన సమర్థత కొంత, పోటీదార్లు పడిపోవడం కొంత. కారణం ఏదైనా ఫలితం ఆ డిసెంబరులో చూశాం. పైలట్లకు వారానికి 36 గంటలున్న విశ్రాంతిని 48 గంటలకు పెంచుతూ నిబంధనలొచ్చాయి. అలసిన పైలట్ చేతిలో మన ప్రాణాలు పెట్టకూడదన్నది వాటి ఉద్దేశం. ఆ కంపెనీ తగినంత సిద్ధంగా లేదు. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. పసిపిల్లలతో తల్లులు విమానాశ్రయాల నేల మీద పడుకున్నారు. పెళ్ళిళ్లకు, పరీక్షలకు, ఆస్పత్రులకు బయల్దేరిన వాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మిగతా కంపెనీల టికెట్ల ధర ఆకాశానికంటింది. 500 కిలోమీటర్ల లోపు అయితే 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000 మించకూడదని మరుసటి రోజు ప్రభుత్వం పరిమితి పెట్టాల్సి వచ్చింది. భద్రత కోసం పెట్టిన నిబంధనల నుంచి ఆ కంపెనీకి కొంతకాలం మినహాయింపు కూడా ఇవ్వాల్సి వచ్చింది.

ఆ చివరి మాట ఒక్క క్షణం ఆలోచించండి. పది కంపెనీల్లో ఒకటి తడబడితే ప్రభుత్వం దాన్ని మందలిస్తుంది. దేశంలో సగానికి పైగా విమానాలు నడిపే కంపెనీ తడబడితే ప్రభుత్వమే సర్దుకుపోవాల్సి వస్తుంది! ఆ నెలలోనే కాంపిటీషన్ కమిషన్ ఇండిగో మీద వచ్చిన ఫిర్యాదును ముందుకు తీసుకెళ్ళాలని నిర్ణయించింది.

మనం చేయగలిగినవి

విమానం రద్దయితే ఏడుస్తూ ఇంటికి రానక్కర్లేదు. 24 గంటల ముందు కూడా చెప్పకుండా కంపెనీ రద్దు చేస్తే టికెట్ డబ్బు వాపసు ఇవ్వాలి, లేదా ఇంకో విమానంలో పంపాలి. దానితోపాటు ప్రయాణ సమయాన్ని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల దాకా పరిహారం ఉంటుంది. ప్రాథమిక ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం అంతకన్నా తక్కువైతే ఆ మొత్తమే ఇస్తారు. తుపాను, పొగమంచు లాంటి కంపెనీ చేతిలో లేని కారణాలైతే పరిహారం రాదు. రద్దయినట్టు వచ్చిన మెసేజీని, బోర్డింగ్ పాసును, అక్కడ పెట్టిన ఖర్చు బిల్లులను పారేయకండి.

జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఆఫీసు ఏ ఢిల్లీలోనో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు.

ఇవన్నీ నష్టం జరిగాక చేసేవి. జరగక ముందు అడిగే హక్కు కూడా ఉంది. పోటీని దెబ్బతీస్తున్నారని అనిపిస్తే ఏ పౌరుడైనా, వినియోగదారుల సంఘమైనా ఫీజు కట్టి కాంపిటీషన్ కమిషన్‌కు రాయొచ్చు. విడిగా ఒక ఇల్లాలు ఢిల్లీకి రాయడం కష్టమే. మహిళా సంఘాలు, వినియోగదారుల సంఘాలు కలిసి రాస్తే కష్టం కాదు. పొదుపు సంఘాల్లో బ్యాంకు మేనేజర్లతో మాట్లాడటం నేర్చుకున్న మనకు ఇదేమంత పెద్ద పని!

ఈసారి పేపర్లో ఏవో రెండు కంపెనీలు కలిసిపోతున్నాయన్న వార్త కనిపిస్తే పేజీ తిప్పేయకండి. అవి విమాన కంపెనీలే కానక్కర్లేదు. సిమెంటు కావచ్చు, సబ్బులు కావచ్చు, ఆస్పత్రులు కావచ్చు. మా పక్కింటావిడ అన్నట్టు ఉల్లిగడ్డల వ్యాపారమే కావచ్చు. "మనం కొనే చోట ఇక ఎన్ని షాపులు మిగులుతాయి? కొత్తవాళ్ళు రావడానికి దారి ఉందా? ఇచ్చిన హామీలను ఎవరు చూస్తారు?" అని మూడు ప్రశ్నలు వేసుకోండి. వాళ్ళు పేరు మార్చి, బోర్డు మార్చి, విమానానికి రంగు కూడా మార్చాక అడిగితే జవాబు చెప్పేవాళ్ళుండరు. ఎయిర్ డెక్కన్‌ను మళ్ళీ తెచ్చివ్వమని ఇప్పుడెవరిని అడగగలం?